బొల్లమ్మ ఎంచిన ఆబోతు

అనగనగా ఒక అడవిలో, కాసే మనిషీ కట్టే తాడూ లేని ఆవుల మంద ఒకటి ఉండేది. ఎక్కడ మేయాలో, ఎక్కడ పడుకోవాలో, ఎవరికి ఎవరితో పెళ్ళి చేయాలో అన్నీ ఆ ఆవులే తేల్చుకునేవి. మనలాగే వాటికీ పట్టింపులు ఉండేవి, అలకలు ఉండేవి. "మా అవ్వల కాలం నుంచీ ఇంతే" అనే మాట అయితే మనకంటే వాటి నోటే ఎక్కువగా వినబడేది.

ఆ మందలో బొల్లమ్మ అనే ఆవు ఉంది. ముఖం మీద అరచేతంత తెల్లమచ్చ ఉంది కాబట్టి బొల్లమ్మ అయింది. ఆమెకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది మందార. చిన్నది గోరింట. గోరింట ఇంకా పెయ్య. అంటే ఒక్కసారి కూడా ఈనని పడుచు ఆవు అన్నమాట. ఒళ్ళు ఎర్రగా నిగనిగలాడుతూ, తనంత అందగత్తె ఏడు కొండల అవతల కూడా లేదన్నట్టు నడిచేది. ఆ వయసులో అందరూ అలాగే నడుస్తారు, మనం నవ్వకూడదు.

ఆ మందకు ఒక ఆచారం ఉంది. తొలకరి వాన పడగానే ఆబోతులన్నీ చౌడు మైదానంలో చేరి, కొమ్ములు కలిపి కుమ్ములాడుకుంటాయి. గెలిచినవాడే ఆ ఏడు ఎదిగిన పెయ్యలన్నిటికీ పెళ్ళికొడుకు. ఇదివరకు ఈనిన పెద్దావులు మాత్రం తమకు నచ్చిన ఆబోతును ఎంచుకోవచ్చు. చూశారా, అన్నీ తెలిసిన ఆవులకేమో ఎంచుకునే హక్కు. ఏమీ తెలియని పెయ్యలకేమో ఆ హక్కు లేదు. ఇదేం చోద్యమని ఆ మందలో ఎవరూ అడగలేదు.

ఆ ఏడు కూడా పర్వతాలే గెలిచాడు. పర్వతాలు మూడేళ్ళ కిందట పక్క అడవి నుంచి వచ్చిన ఆబోతు. పేరుకు తగ్గ మనిషి, కాదు కాదు, పేరుకు తగ్గ ఎద్దు. మూపురం చూడాలంటే మెడ ఎత్తాల్సిందే. అలాగని పొగరుబోతు కాదు. నీళ్ళ దగ్గర ముసలావులకు దారి ఇచ్చేవాడు. దూడలు తోక పట్టుకుని లాగినా ఏమీ అనేవాడు కాదు.

పర్వతాలు గెలిచాడనగానే గోరింట, దాని స్నేహితురాలు సంపెంగ తోకలెత్తి గంతులు వేశాయి. బొల్లమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే, రెండేళ్ళ కిందట మందారకు పెళ్ళయింది కూడా ఈ పర్వతాలుతోనే.

ఆ రోజు బొల్లమ్మే అందరికంటే ఎక్కువ మురిసింది. తీరా నెలలు నిండాక, మందారకు ఒక ఉదయం వెదురు పొద వెనక నొప్పులు మొదలయ్యాయి. మర్నాడు ఉదయానికి గానీ తెమల్లేదు. దూడ పెద్దది, తల్లికి అది తొలి కాన్పు. బయటికి వచ్చేసరికి దూడలో ప్రాణం లేదు. మందార తొమ్మిది రోజులు పడుకున్న చోటు నుంచి లేవలేకపోయింది. లేచాక కూడా ఎడమ వెనక కాలు ఈడ్చుకుంటూనే నడిచింది, ఇప్పటికీ అలాగే నడుస్తోంది. మంద ఏమందంటే, పాపం దాని రాత అంది. బొల్లమ్మ కూడా అప్పుడు అదే అనుకుంది. కానీ ఆ కాలు ఈడుస్తున్న చప్పుడు వెనక వినబడినప్పుడల్లా, ఇది రాత కాదు, నేను చేసిన పని అనిపించేది.

మంద పెద్ద కపిలవ్వ మైదానం మధ్యకు వచ్చి, పది రోజుల్లో పెళ్ళిళ్ళని చాటింది. అప్పుడు బొల్లమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"అవ్వా, నా గోరింటను పర్వతాలుకు ఇవ్వను" అంది.

ఆవులకు వేళ్ళు లేవు గానీ, ఉంటే ఆ క్షణాన అన్నీ ముక్కున వేలేసుకునేవే. కపిలవ్వ కోప్పడలేదు. నెమ్మదిగానే చెప్పింది. ఇది రేచుకుక్కలు తిరిగే అడవి. బలమైన తండ్రికి పుట్టిన బలమైన దూడలుంటేనే మంద నిలుస్తుంది. అందుకే పెద్దలు ఈ ఆచారం పెట్టారు.

"ప్రాణంతో పుట్టని దూడ ఏ కుక్కను తరుముతుంది అవ్వా?" అని అడిగింది బొల్లమ్మ.

మంద పెద్ద అన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా. కపిలవ్వ కాసేపు నెమరు వేసి, సరే, నీ కూతురికి నువ్వే వరుణ్ణి వెతుక్కో అంది. అయితే ఒక షరతు పెట్టింది. ఎండాకాలంలో ఇవతల గడ్డి ఎండిపోగానే మంద ఏరు దాటి అవతలి లోయకు పోతుంది. గోరింటకు పుట్టే దూడ ఆ ఏరు దాటలేనంత బలహీనంగా ఉంటే, తల్లీ కూతుళ్ళిద్దరూ మంద విడిచి పోవాలి. మంద లేని ఆవు ఆ అడవిలో ఎన్నాళ్ళు బతుకుతుందో అందరికీ తెలుసు. బొల్లమ్మ తల ఊపింది.

ఇక గోరింట చూడండి. మూతి ముడుచుకుని అమ్మకు అటు తిరిగి నిలబడింది. సంపెంగ వాళ్ళందరికీ పర్వతాలట, తనకు మాత్రం ఎవరో ఊరూ పేరూ లేనివాడట.

"అందరిలో నన్ను చిన్నబుచ్చావమ్మా" అంది.

"చిన్నబోతే చిన్నబో. నువ్వు బతికి ఉండాలి నాకు, అంతే" అంది బొల్లమ్మ.

ఆ సాయంత్రం గోరింట అక్క మందార పక్కన పడుకుని, దాని ఈడుపు కాలు వంక చాలాసేపు చూసింది.

పంతం పట్టడం తేలికే. వరుణ్ణి వెతకడమే కష్టం. బొల్లమ్మకు మొదట తట్టింది అందరికీ తట్టేదే. పెద్ద ఆబోతుకు పెద్ద దూడ పుట్టింది కాబట్టి, చిన్న ఆబోతుకు చిన్న దూడ పుడుతుంది. మందలో అందరికంటే పొట్టివాడు బుడ్డన్న. నడుస్తుంటే గడ్డిలో వీపు మాత్రమే కనబడేది. వీడైతే భయం లేదని బొల్లమ్మ దాదాపు మాట ఇచ్చేయబోయింది. ఎందుకైనా మంచిదని, కిందటేడు బుడ్డన్న దూడను ఈనిన ఒక పెద్దావును అడిగి చూసింది.

"తండ్రిని చూసి మోసపోకు వదినా" అంది ఆ ఆవు. "వాడు పొట్టివాడే. దూడ తల మాత్రం గుమ్మడికాయ. మూడు ఈతలు ఈనినదాన్ని, నాకే ప్రాణం పోయినంత పనైంది."

బొల్లమ్మ ఎంత పొరపాటు చేయబోయింది! అయితే ఆ మాటతో ఆమెకు ఒక దారి దొరికింది. చూడాల్సింది తండ్రి ఎంత ఉన్నాడని కాదు, అతని దూడలు ఎలా పుట్టాయని.

ఆ మర్నాటి నుంచి చెట్టు నీడన నెమరు వేస్తున్న ప్రతి ఆవు దగ్గరికీ వెళ్ళింది. నీ ఈత ఎంతసేపు పట్టింది, దూడ ఎంత ఉంది, నువ్వెప్పుడు లేచావు, దూడ ఎప్పుడు లేచింది. అడిగింది, అడిగింది, విసుగు పుట్టేదాకా అడిగింది. కానీ ఏం లాభం. ఒక ఆవుకు గుర్తు లేదు. ఇంకొకటి దూడ నా చేయి నాకగానే నొప్పి మరిచిపోయానంది. చేయి అంటే ముందుకాలేలెండి. ఇంకొకటి నాకేం కష్టం కాలేదని గొప్పలు పోయింది, నాలుగు రోజులు మూలిగిన సంగతి మందంతటికీ తెలిసినా. అసలు ఈనేటప్పుడు ప్రతి ఆవూ ఒంటరిగా పొదల్లోకి పోతుంది. చూసినవాళ్ళు ఎవరుంటారు?

ఒకరున్నారు. ఏ ఆవు ఈనుతున్నా వాసన పట్టి, పొద పక్కన వచ్చి కూర్చునే నక్కమ్మ. దూడ పడ్డాక జారే మాయ కోసం వస్తుంది. దూడకే ప్రాణం లేకపోతే ఇక దానికి పండగే. ఆ చుట్టుపక్కల జరిగిన ఈతలన్నీ కళ్ళారా చూసింది నక్కమ్మ ఒక్కతే. ఇష్టం లేకపోయినా, ఎనిమిదో రోజున బొల్లమ్మ అది ఉండే పుట్ట దగ్గరికి వెళ్ళి దాన్ని పలకరించింది.

"ఏం పిన్నీ, మా గోరింటకు పెళ్ళి చేయాలి. నీకంటే అనుభవం ఉన్నవాళ్ళు ఎవరున్నారు? ఏ ఆబోతు మంచివాడో చెప్పు" అంది.

ఆ పిలుపుకు నక్కమ్మ ఉబ్బిపోయింది. పర్వతాలు పేరు ఎత్తగానే దాని కళ్ళు మెరిశాయి. అలాంటి ఆబోతు ఈ అడవిలోనే లేడంది. ఎంత దూడలు, ఎంత ఒళ్ళు, ఒక్కొక్కటీ చూస్తే కడుపు నిండిపోతుందంది. పెయ్యలకైతే పర్వతాలునే చేయాలి, మరో మాట లేదంది. చెబుతూ చెబుతూ రెండుసార్లు మూతి నాక్కుంది. బొల్లమ్మ అది చూసింది, చూడనట్టు ఊరుకుంది.

"బుడ్డన్న?" అని అడిగింది.

"వాడూ ఫర్వాలేదు" అంది నక్కమ్మ.

"అయితే ఓబులయ్య?"

ఓబులయ్య కిందటేడే ఏటి అవతలి మంద నుంచి వచ్చిన ఆబోతు. ఒడ్డూ పొడుగూ అన్నీ మామూలే. మొన్నటి కుమ్ములాటలో మూడు గుద్దులు తిని, ఇక చాల్లే అన్నట్టు పక్కకు వచ్చి గడ్డి మేసుకున్నాడు. వాడి పేరు వినగానే నక్కమ్మ మొహం చేదు తిన్నట్టు పెట్టింది.

"వాడి ఊసు నా దగ్గర ఎత్తకు. అవతలి మందలో వాడి పెళ్ళాలకు నాలుగు ఈతలు కాపు కాశాను. అందులో రెండు తొలిచూళ్ళు, ఎంత ఆశ పెట్టుకున్నానో. నేను సర్దుకుని కూర్చునేలోపే దూడ కింద పడుతుంది. ఒళ్ళు ఆరేలోపే లేచి పాలు తాగుతుంది. తల్లి శుభ్రంగా లేచి మాయ కూడా తనే తినేస్తుంది. నాలుగుసార్లూ ఖాళీ కడుపుతో తిరిగొచ్చాను."

బొల్లమ్మ ఎంతో కష్టం మీద నవ్వు ఆపుకుంది. నక్కమ్మ తిట్టిన ఆబోతే తనకు కావలసిన ఆబోతు. పిన్నికి దండం పెట్టి, నేరుగా ఏటి వైపు నడిచింది. నక్క మాట నమ్మి పిల్లనిచ్చేంత తెలివితక్కువది కాదు మరి. ఏరు దాటి అవతలి మందకు వెళ్ళి, ఓబులయ్య దూడలను తన కళ్ళతో చూసింది. సన్నటి తలలు, ఇరుకు భుజాలు, పొడుగు కాళ్ళు. పక్కనే ఉన్న రెండు పడుచు తల్లులు ఏ కుంటూ లేకుండా మేస్తున్నాయి. ఆ పడుచు తల్లుల వెనక కాళ్ళ వంకే చూస్తూ బొల్లమ్మ అక్కడే కాసేపు నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మందారకు కూడా ఎవరైనా ఇలా వెతికి ఉంటే అనుకుంది. ఆ ఎవరైనా తనే కదా.

పదో రోజున సంపెంగకు పర్వతాలుతో, గోరింటకు ఓబులయ్యతో పెళ్ళయింది. మంద గుసగుసలు పోయింది. ఓడిపోయినవాడికి పిల్లనిచ్చిందని, బొల్లమ్మకు మతి పోయిందని చెవులు కొరుక్కుంది. గోరింట ఆ మాటలు విని మూడు రోజులు సరిగా మేయలేదు. నాలుగో రోజున ఓబులయ్య తను కనిపెట్టిన లేత గడ్డి ఉన్న చోటు చూపించి, పక్కకు జరిగాడు. అప్పుడు మేసింది.

పెయ్యలు రెండూ చూడి కట్టాయి. వానలు వెళ్ళాయి, మంచు వెళ్ళింది. బొల్లమ్మ కూతురిని ఊరికే కూర్చోనిచ్చేది కాదు. కడుపుతో ఉన్నాను కదా అని గోరింట ఒకే చోట పడుకుని మేస్తూ కొవ్వు పెంచబోతే, పొద్దునా సాయంత్రమూ ఏటి దాకా నడిపించేది. సంపెంగ చల్లగా నీడన పడుకుని నవ్వేది. గోరింట సణిగేది. సణుగుతూనే నడిచేది.

ఎండలు మొదలయ్యాయి. ముందు సంపెంగకు నొప్పులు వచ్చాయి. ఉదయం మొదలైతే పొద్దు వాలేదాకా దాని మూలుగు కొండ అంతా వినబడింది. నక్కమ్మ ఎప్పుడో వచ్చి కూర్చుంది. చివరికి ఎలాగో దూడ బయటపడింది. అదృష్టం, ప్రాణంతోనే పడింది. కానీ మెడ ఎత్తలేకపోయింది. సంపెంగ కూడా లేవలేకపోయింది. పెద్దావులు రాత్రీ పగలూ చుట్టూ నిలబడి నక్కను తరిమాయి. మూడో రోజుకు తల్లీ దూడా వణుకుతూ లేచాయి. ఏరు దాటాల్సిన మంద వాళ్ళ కోసం ఆగిపోయింది.

సంపెంగ మూలుగు విన్నప్పటి నుంచి గోరింట అమ్మ పక్క వదల్లేదు.

"అమ్మా, నాకూ అంతేనా?" అని అడిగింది.

కాదని గట్టిగా చెప్పాలనుకుంది బొల్లమ్మ. నక్క మాట, తన కళ్ళు, ఇంతేగా తనకున్న ఆధారం. ఆ రెండూ తప్పయితే? కూతురి మెడ నాకింది.

మర్నాటి ఉదయం గోరింట మంద నుంచి విడిపోయి తుమ్మ చెట్టు కిందికి వెళ్ళింది. ఒకసారి పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. బొల్లమ్మ నాలుగు అడుగుల దూరంలో నిలబడింది. అటు చూస్తే పొద పక్కన నక్కమ్మ వచ్చి కూర్చుని ఉంది.

ముందు రెండు చిన్న గిట్టలు కనబడ్డాయి. వాటి మీద ఆనించిన ముక్కు కనబడింది. గోరింట ఒకసారి గట్టిగా మూలిగింది. ఇంకోసారి మూలిగింది. మూడోసారి మూలిగేసరికి తల, భుజాలు, నడుము అన్నీ ఒక్కటిగా జారి దూడ ఎండుటాకుల మీద పడింది. చెట్టు నీడ బారెడు కూడా జరగలేదు. దూడ తుమ్మింది. తల విదిలించింది. గోరింట అప్పటికే లేచి నిలబడి, ఎవరు నేర్పారో గానీ, దాన్ని నాకడం మొదలుపెట్టింది.

"అయిపోయిందా అమ్మా? ఇంతేనా?" అంది.

"ఇంతేనే తల్లీ, ఇంతే" అంది బొల్లమ్మ. అని, నిలబడిన చోటనే కూలబడిపోయింది. తొమ్మిది నెలలుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. దూడ రెండుసార్లు పడి, మూడోసారి లేచి పొదుగు అందుకుంది. నక్కమ్మ దులుపుకుని, ఎవరినో తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

మందంతా చూడ్డానికి వచ్చింది. కుందేలు పిల్లలా ఉందని ఎవరో అన్నారు. బొల్లమ్మ ఆ మాట పట్టించుకునే స్థితిలో లేదు. ఒక పగలూ ఒక రాత్రీ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

మూడో రోజున మంద కదిలింది. ఏటిలో నీళ్ళు మోకాలి లోతే, కానీ దూడకు అది పొట్ట దాకా వస్తుంది. కపిలవ్వ ఒడ్డున నిలబడి కళ్ళార్పకుండా చూసింది. గోరింట దిగింది. దూడ నీళ్ళను వాసన చూసి, ఒకసారి వెనక్కి గెంతి, తర్వాత తల్లి పక్కనే చకచకా దాటేసింది. అవతలి గట్టెక్కి, ఇంకోసారి దాటుదామా అన్నట్టు వెనక్కి చూసింది కూడా. సంపెంగ దూడను మాత్రం ముగ్గురు పెద్దావులు అటూ ఇటూ ఒత్తి పట్టుకుని దాటించాల్సి వచ్చింది. వానలు వచ్చేసరికి కుందేలు పిల్ల సంపెంగ దూడతో భుజానికి భుజం కలిపి పరుగెత్తింది. కపిలవ్వ అదీ చూసింది.

మళ్ళీ తొలకరి పడింది. మళ్ళీ చౌడు మైదానంలో దుమ్ము లేచింది. మళ్ళీ పర్వతాలే గెలిచాడు. ఆ ఏడు ఎదిగిన పెయ్యలు ఏడు. కపిలవ్వ నోరు తెరవబోయేలోపు పర్వతాలు ఒగరుస్తూ వచ్చి ఆమె ముందు తల వంచాడు.

"అవ్వా, నన్ను పెద్దావులు ఎంచుకుంటే సంతోషం. ఈ పిల్లలకు మాత్రం నన్ను చేయకండి" అన్నాడు. "నా పెళ్ళాం అయిన పెయ్య ఈనే రోజు నేనెక్కడ ఉంటానో మీరెవరూ ఎప్పుడూ అడగలేదు. వాళ్ళ మూలుగు వినలేక ఆ కొండ అవతలికి పారిపోతాను. మందార నొప్పులు పడ్డ నాడు రెండు రోజులు తిరిగి రాలేదు. గెలిచినవాణ్ణి కదా, వద్దని ఎలా అనేది?"

మందార కాలు ఈడ్చుకుంటూ నడిచి వచ్చి, పర్వతాలు పక్కన నిలబడింది. దాని మొహంలో కోపం లేదు.

కపిలవ్వ చాలాసేపు నెమరు వేసింది. ఆ తర్వాత, తొలిచూలు పెయ్యలకు వరుణ్ణి ఇకమీదట కుమ్ములాట తేల్చదని, ఎవరి దూడలు తేలిగ్గా పుట్టాయో తల్లులను అడిగి తేల్చాలని చెప్పింది. అడిగే పని ఎవరికి అప్పగించిందో చెప్పనక్కరలేదు. ఈసారి బొల్లమ్మ అడుగుతుంటే ఒక్క ఆవు కూడా గొప్పలు పోలేదు.

తర్వాతి ఎండాకాలం ఏడు పెయ్యలూ ఈనాయి. ఏడు దూడలూ పుట్టిన పూటే లేచి నిలబడ్డాయి. ఏడుగురు తల్లులూ తమ కాళ్ళ మీద తాము నడిచి ఏరు దాటారు.

నీతి: గెలిచినవాడు గొప్పవాడే కావచ్చు, కానీ ఎంచేటప్పుడు చూడవలసింది అతని గొప్ప కాదు, ఆ బరువు మోయబోయేవారి శక్తి.